ఒకే గని పసుపు మట్టి, దాన్నే కాల్చిన ఎర్ర మట్టి: కస్టమ్స్‌లో రెండు హెడింగులా?

బరంపురం రంగులకొట్టు (గంజాం జిల్లా)
అందరికీ నమస్కారమండి. బరంపురంలో మాది తాతల నాటి రంగుల కొట్టు. సున్నంలో కలిపే మట్టిరంగులు, గచ్చుకి వేసే రెడాక్సైడు, చిన్న పెయింటు యూనిట్లకి పొడిరంగులు అమ్ముతాం. మట్టిరంగులు ఇన్నాళ్లూ బేతంచర్ల వైపు నుంచే తెప్పించేవాళ్లం. ఇప్పుడు పాత మేడల్ని కూల్చకుండా బాగుచేయించుకునేవాళ్లు కొంచెం పెరిగారు. వాళ్లు అడిగే ఛాయలు వేరు. అందుకని యూరప్ నుంచి ఒక కంటైనరు దింపాం.

అందులో రెండు రకాల బస్తాలున్నాయి. ఒకటి పసుపు మట్టి: తవ్వి, నీళ్లలో తేర్చి, ఆరబెట్టి, మెత్తగా విసిరిన పొడి. రెండోది అదే గనిలోని అదే మట్టిని బట్టీలో కాల్చిన ఎర్ర పొడి. అద్దకం రంగు కలపలేదు, మందు కలపలేదు. సుంకం తేల్చే టారిఫ్‌లో ప్రతి సరుకుకీ హెడింగు అనే నాలుగంకెల కోడు ఉంటుంది. మా బ్రోకరు రెంటికీ ముడి ఖనిజాల హెడింగు 2530 కిందే బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి పత్రం) వేశారు. రేవులో శాంపిళ్లు తీసి ల్యాబుకి పంపారు. పసుపు దాని మీద అభ్యంతరం లేదు. ఎర్ర దానికి మాత్రం "ఇనుము ఎక్కువుంది, ఇది ఇనుప ఆక్సైడుల హెడింగు 2821, తేడా సుంకం కట్టండి" అంటున్నారు. గని ఒకటే, మట్టి ఒకటే. కాల్చినంత మాత్రాన కొత్తగా ఇనుము ఎక్కడ పుడుతుందండి? పైగా 2530 ఉన్న టారిఫ్ చాప్టరు 25 నాలుగో నోటులో మట్టిరంగులు కాల్చినవైనా కాల్చనివైనా 2530 లోనే అని ఉందని బ్రోకరు గట్టిగా చెబుతున్నారు. అక్కడ డెమరేజ్ (సరుకు రేవులో ఆగినందుకు కట్టే రుసుము) ఎక్కుతోంది. తెలిసినవాళ్లు దారి చెప్పండి.

జయపురం పెయింట్లు (కొరాపుట్ జిల్లా)
అన్నా, ముందు అంకెలు పెట్టండి. రేవు ల్యాబు రిపోర్టులో ఏముంది, సప్లయరు పంపిన అనాలిసిస్ కాగితంలో ఏముంది? అవి చూడకుండా ఎవరేం చెప్పినా ఊహే అవుతుంది.

బరంపురం రంగులకొట్టు
సప్లయరు కాగితంలో పసుపు మట్టికి ఇనుము 46.2%, కాలిస్తే తగ్గే బరువు 10% అని ఉంది. ఎర్ర మట్టికి ఇనుము 51%. రేవు ల్యాబు వాళ్లేమో పసుపు దానికి 66, ఎర్ర దానికి 73 వేశారు. రెండు కాగితాలకీ పొంతనే లేదు. ఇంత తేడా ఉన్నప్పుడు మళ్లీ పరీక్ష చేయించమని అడగొచ్చా?

పర్లాకిమిడి మాస్టారు (గజపతి జిల్లా)
బాబూ, నేను కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైనవాణ్ణి. ఆ రెండు కాగితాలూ ఒకే మాట చెబుతున్నాయి. సప్లయరు రాసింది ఇనుము శాతం. ల్యాబు రాసింది ఆ ఇనుమునంతా ఫెర్రిక్ ఆక్సైడుగా లెక్కగట్టిన శాతం. ఇనుము అంకెని 1.43తో గుణించండి. 46.2 కాస్తా 66 అవుతుంది, 51 కాస్తా 73 అవుతుంది. ల్యాబు లెక్క సరిగ్గానే ఉంది.

హెడింగు 2821 వాక్యం చదివితే కూడా ఇదే కనిపిస్తుంది. కలిసి ఉన్న ఇనుమును ఫెర్రిక్ ఆక్సైడుగా లెక్కగట్టినప్పుడు బరువులో 70% గానీ అంతకు మించి గానీ ఉండే మట్టిరంగులు అక్కడికి వెళ్తాయి. ఆక్సైడుగా 70 అంటే ఇనుముగా దాదాపు 49. సప్లయరు కాగితంలో 51 చూసి "డెబ్బైకి ఇంకా చాలా దూరం ఉంది" అనుకునే ప్రమాదం ఇక్కడే ఉంది. హెచ్‌ఎస్ (దేశాలన్నీ వాడే సరుకుల కోడుల పద్ధతి) వివరణ గ్రంథం 2821 దగ్గర ఉదాహరణ కూడా ఇచ్చింది: 84% ఫెర్రిక్ ఆక్సైడు, అంటే 58.8% ఇనుము ఉన్న మట్టి ఈ హెడింగులోకే వస్తుందని.

ఇక ఇనుము ఎక్కడ పుట్టిందన్న ప్రశ్న. పుట్టలేదు, బరువు తగ్గింది. పసుపు మట్టికి ఆ రంగునిచ్చేది గోథైట్. ఇనుముకి ఆక్సిజన్‌తో పాటు నీటి భాగం కూడా అతుక్కుని ఉన్న ఖనిజం అది. దాన్ని కాలిస్తే ఆ నీరు ఆవిరై హెమటైట్ మిగులుతుంది, రంగు ఎర్రబడుతుంది. మట్టిలోని బంకమన్ను కూడా తన నీటిని వదిలేస్తుంది. మీ కాగితంలోని 10% నష్టం ఇదే. 100 కిలోల పసుపు మట్టిలో ఆక్సైడు లెక్కన 66 కిలోలుంటే, కాల్చాక మొత్తం 90 కిలోలే మిగులుతుంది. ఆక్సైడు మాత్రం ఆ 66 కిలోలే. 66ని 90తో భాగించి నూటికి కట్టండి, 73.3 వస్తుంది. ల్యాబు వేసిన 73కి ఎంత దగ్గరగా ఉందో చూడండి. మట్టి ఒకటే అయినా రేవులో దిగిన సరుకు రెండు వేర్వేరు వస్తువులు.

రేవు గుమాస్తా
మాస్టారి లెక్క తర్వాత చట్టం వైపు నుంచి నాలుగు మాటలు. నేను కస్టమ్స్ బ్రోకరు దగ్గర పనిచేస్తాను, మాది గోపాలపురం వైపు.

మీ బ్రోకరు నాలుగో నోటు గురించి చెప్పింది నిజమే, కానీ ఆయన మధ్యలో ఆగిపోయారు. చాప్టరు 25 నోట్లను వరసగా చదవాలి. ఒకటో నోటు ప్రకారం ఈ చాప్టరులో ముడి ఖనిజాలే ఉంటాయి. కడగొచ్చు, దంచొచ్చు, విసరొచ్చు, జల్లించొచ్చు. కాల్చినవి, కలిపినవి కూడదు. నాలుగో నోటు మట్టిరంగులకి ఆ నిషేధం నుంచి మినహాయింపు ఇస్తుంది: కాల్చినా, ఒకదానితో ఒకటి కలిపినా 2530 లో ఉండొచ్చు. అయితే వీటి మధ్య రెండో నోటు ఉంది. ఈ చాప్టరులో అసలు చేరని వస్తువుల జాబితా అది. అందులో 70% గీత దాటిన మట్టిరంగులు పేరు పెట్టి మరీ ఉన్నాయి. చాప్టరు బయటికి పంపేసిన వస్తువుని నాలుగో నోటు వెనక్కి లాక్కురాలేదు. అది మాట్లాడేది లోపల మిగిలిన వాటి గురించే.

అందుకని మీ ఎర్ర బస్తాలకి 2821 సరైనదే అని నా అభిప్రాయం. ఇక్కడ తిరుగు పరీక్ష అడిగి లాభం లేదు. మీ సప్లయరు అంకే ల్యాబు అంకెని బలపరుస్తోంది, ఆ రోజులకీ డెమరేజ్ పడుతుంది. అంకె 70కి ఆ పక్కా ఈ పక్కా ఊగుతూ ఉంటే మాత్రం తప్పకుండా అడగమనేవాణ్ణి.

ఇప్పుడు చేయాల్సిన పని ఒకటుంది. మీరు ఎంట్రీతో పాటే సప్లయరు అనాలిసిస్ కాగితం అప్‌లోడ్ చేశారా? చేసి ఉంటే దాన్ని గట్టిగా పట్టుకోండి. దాచింది ఏమీ లేదు, వచ్చింది వర్గీకరణ మీద అభిప్రాయభేదం మాత్రమే అని లిఖితపూర్వకంగా పెట్టండి. కస్టమ్స్ చట్టం సెక్షన్ 28 కింద మామూలు కేసులో రెండేళ్ల వరకే వెనక్కి వెళ్తారు. కావాలని దాచారని తేలితే ఐదేళ్లు, దానికి జరిమానా తోడు. ఆ తేడా మామూలు తేడా కాదు.

బరంపురం రంగులకొట్టు
కాగితం ఎంట్రీతో పాటే పెట్టామండి, అది మాత్రం ఖాయం. మాస్టారూ, గుమాస్తాగారూ, ఇంత ఓపికగా విడమరిచి చెప్పినందుకు చాలా సంతోషం. ఎర్ర దానికి 2821 ఒప్పుకుని సరుకు విడిపించుకుంటాం. తర్వాతి ఆర్డరు ఎలా పెట్టాలన్నదే ఇప్పుడు ఆలోచన.

కాశీనగర్ గచ్చు మేస్త్రి (గజపతి జిల్లా)
తర్వాతిసారి అక్కడే ఆ ఎర్ర పొడిలో కాస్త సుద్ద కలిపి పంపమనండి. డెబ్బై కిందికి దిగిపోతుంది, గొడవుండదు. గచ్చులో ఎలాగూ సిమెంటు కలుపుతాం కదా.

రేవు గుమాస్తా
మేస్త్రిగారూ, అలా చేస్తే ఇంకో గుంటలో పడతాం. నాలుగో నోటు ఒప్పుకునేది మట్టిరంగుల్ని మట్టిరంగులతో కలపడమే. సుద్ద మట్టిరంగు కాదు, పూరకం. రంగు కోసం తయారుచేసిన మిశ్రమం అనేసరికి తయారైన రంగుల హెడింగు 3206 వైపు చూస్తారు. మట్టిరంగు మెరుపు కోసం రవ్వంత సేంద్రియ రంగు అద్దినా అది 3206 కే పోతుందని వివరణ గ్రంథంలో ఉంది. ఇనుము తక్కువున్న ఇంకో ఎర్ర మట్టిని కలిపి, నిజంగానే 68 శాతం సరుకుగా తయారుచేసి, అదే మాట కాగితాల మీద రాస్తే 2530 నిలుస్తుంది. అది న్యాయమైన పని. కాగితం మీద ఒకటి, బస్తాలో ఒకటి ఉంటే మాత్రం సెక్షన్ 111 కింద సరుకే జప్తు అవుతుంది.

జయపురం పెయింట్లు
కలపడం మీద మా అనుభవం చెబుతాను. ఇనుము తగ్గితే రంగు బలం తగ్గుతుంది. తెల్లలో కిలోకి కిలో వేసి చూస్తే కొనేవాడికి వెంటనే తెలిసిపోతుంది. సుంకంలో మిగిలిందంతా ధరలో పోతుంది.

నాకు వేరే సందేహం ఉంది. మేం ఇనుప వంతెనలకీ గేట్లకీ వేసే తుప్పు నిరోధక పెయింటు చేస్తాం. దానికి అభ్రకంలా పొరలు పొరలుగా ఉండే ఇనుప ఆక్సైడు తెప్పించాలనుకుంటున్నాం, ఆస్ట్రియాలో గనిలో దొరికేది. అందులో ఫెర్రిక్ ఆక్సైడు 70 కాదు, 85 పైనే ఉంటుంది. అంటే 2821 అని వేసేయడమేనా?

రేవు గుమాస్తా
ఆగండి, అది వేరే కథ. సహజంగా దొరికే ఆ అభ్రక రూపపు ఇనుప ఆక్సైడుని నాలుగో నోటు మట్టిరంగులతో కలపకుండా విడిగా పేరు పెట్టి చెప్పింది. రెండో నోటు బయటికి పంపింది మట్టిరంగుల్ని. అందుకని దీంట్లో ఇనుము 70 దాటినా 2530 లోనే ఉంటుంది. వివరణ గ్రంథం కూడా అదే అంటుంది. కృత్రిమంగా తయారుచేసినదైతే ఆ దారి లేదు. కాబట్టి సప్లయరు దగ్గర గని పేరు, తయారీ విధానం రాయించుకోండి.

పర్లాకిమిడి మాస్టారు
ఒక ముఖ్యమైన మాట. టారిఫ్‌లో 3206 కింద టైటానియం డయాక్సైడు రంగులకి 80% గీత ఉంది. అక్కడ "పొడి పదార్థం మీద లెక్కగట్టి" అని స్పష్టంగా రాశారు. 2821 మట్టిరంగుల 70% దగ్గర ఆ మాట లేదు. వర్షాకాలంలో ఓడ దిగిన బస్తాలో తేమ 3, 4 శాతం ఉంటే అంకె ఆ మేరకు మారుతుంది. మీ సరుకు గీతకి దగ్గరగా ఉంటే తేమతో ఎంత, ఆరబెట్టాక ఎంత అన్న రెండు అంకెలూ రిపోర్టులో ఉండేలా అడగండి. పరీక్ష పద్ధతి రాయని రిపోర్టుని అలాగే ఒప్పుకోవద్దు.

ఛత్రపురం ఇసుక (గంజాం జిల్లా)
మాస్టారు టైటానియం అన్నారు కాబట్టి కలగజేసుకుంటున్నాను. మా ఊళ్లో ప్రభుత్వ సంస్థ ఐఆర్‌ఈఎల్ వారి ఓస్కామ్ అనే ఖనిజ ఇసుక కర్మాగారం ఉంది. సముద్రపు ఇసుక నుంచి ఇల్మనైట్, రూటైల్, జిర్కాన్ వేరుచేస్తారు. ఆ మూలకం ఒక్కటే ఎన్ని హెడింగులు మారుతుందో చూడండి. ఇల్మనైట్‌గా ఉన్నప్పుడు 2614, ఖనిజాల చాప్టరు. దాని నుంచి తీసిన శుద్ధమైన తెల్ల టైటానియం డయాక్సైడు 2823, రసాయనాల చాప్టరు. అదే తెల్ల పొడికి అల్యూమినా, సిలికా పూత పూసి పెయింటులో బాగా కలిసేలా చేస్తే 3206. మనూళ్ల పెయింటు కొట్లలో దొరికే తెల్లది చాలావరకు ఈ మూడోదే. ఇల్మనైట్‌నే మరీ మెత్తగా విసిరి రంగుగా అమ్మితే అది కూడా 2614 లో ఉండదు, చాప్టరు 32 కి పోతుంది. అందుకే "టైటానియం తెలుపు" అన్న పేరు చూసి కోడు వేయకండి. పూత ఉందా లేదా అని అడగండి.

బల్లార్షా లెక్కలు (చంద్రపూర్ జిల్లా)
మహారాష్ట్ర వైపు నుంచి ఒక అకౌంటెంటు మాట. అందరూ కోడు గురించే మాట్లాడుతున్నారు, జేబుకి ఎంత తగులుతుందో చూద్దాం. సుంకం రేట్లు బడ్జెట్‌కీ నోటిఫికేషన్‌కీ మారుతుంటాయి, ఎంట్రీ వేసే రోజు కస్టమ్స్ వారి వెబ్‌సైటు ఐస్‌గేట్‌లో చూసుకోవాలి. కింది లెక్కలో మూల సుంకం అంకెలు కేవలం ఉదాహరణకే.

సరుకు విలువ 100 రూపాయలు, మూల సుంకం 5% అనుకోండి. ఆ 5 మీద 10% సాంఘిక సంక్షేమ సర్‌చార్జి, అర్ధ రూపాయి. మొత్తం 105.50. దీని మీద ఐజీఎస్టీ (దిగుమతి మీద పడే జీఎస్టీ). 5% అయితే 5.28, 18% అయితే 18.99. మూల సుంకం 10% అనుకుంటే 10, సర్‌చార్జి 1, మొత్తం 111. దీని మీద 18% అంటే 19.98.

చూడగానే ఐజీఎస్టీ తేడాయే గుండె ఝల్లుమనిపిస్తుంది. కానీ మీరు మామూలు జీఎస్టీ రిజిస్ట్రేషన్‌లో ఉంటే అది క్రెడిట్‌గా తిరిగొస్తుంది. కొన్నాళ్లు డబ్బు ఇరుక్కుంటుంది, అంతే. ఎప్పటికీ తిరిగి రానివి మూల సుంకం, సర్‌చార్జి. కాంపొజిషన్ స్కీములో (క్రెడిట్ లేకుండా తక్కువ శాతం పన్ను కట్టే పద్ధతిలో) ఉన్న చిన్న కొట్టువాళ్లకి మాత్రం ఐజీఎస్టీ కూడా మొత్తం ఖర్చే. కాబట్టి ముందు ఏది ఖర్చో, ఏది ఇరుక్కునే డబ్బో విడదీసుకుని, అప్పుడు ఏ హెడింగు కోసం ఎంత దూరం పోట్లాడాలో తేల్చుకోండి.

గుణుపురం గోడబొమ్మ (రాయగడ జిల్లా)
నేను బళ్లో డ్రాయింగు చెబుతాను. మా చుట్టుపక్కల సవర ఊళ్లలో ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో ఇడితాల్ బొమ్మలు వేస్తారు. వాటికి ఏ కస్టమ్సూ అక్కర్లేదు. కానీ పర్లాకిమిడి గంజప్ప చీట్లు (చేత్తో రంగులేసే పేకముక్కలు) గీసే ఒకాయన కోసం ఇంగిలీకం (ఎరుపు), హరిదళం (పసుపు) బయటి నుంచి తెప్పించాలనుకుంటున్నాం. పిల్లల కోసం చిన్న సీసాల్లో మట్టిరంగులు కూడా. వీటికి కూడా 2530 ఏనా?

పర్లాకిమిడి మాస్టారు
అమ్మా, ఆ మొదటి రెండూ పిల్లల దరికి చేరనివ్వకండి. ఇంగిలీకంలో పాదరసం, హరిదళంలో ఆర్సెనిక్ ఉంటాయి. బొమ్మలు గీసే ఆయన కూడా నూరేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకోవాలి, తినే చేత్తో తాకకూడదు. మా ఊరి గంజప్ప చీట్లంటే నాకు ప్రాణం, వాటిని గీసే చేతులు బాగుండాలి కదా.

కోడుల సంగతికొస్తే, గనిలో దొరికే హరిదళం 2530. గనిలోని ఇంగిలీకం పాదరసపు ఖనిజం కాబట్టి 2617. ఫ్యాక్టరీలో తయారుచేసిన ఇంగిలీకం పాదరస సమ్మేళనాల హెడింగు 2852.

రేవు గుమాస్తా
చిన్న సీసాల మట్టిరంగులకి నేను చెబుతానండి. చిత్రకారులకీ విద్యార్థులకీ అని ట్యూబుల్లో, సీసాల్లో, బిళ్లలుగా సర్దిన రంగులు 3213. లోపల ఉన్నది అదే మట్టి అయినా, సర్దిన తీరు హెడింగుని మార్చేస్తుంది. 25 కిలోల బస్తాలో తెప్పించి ఇక్కడ సీసాలకి ఎత్తుకుంటే, దిగుమతి నాటికి అది బస్తాలోని మట్టే కాబట్టి 2530 చూస్తారు.

కాశీనగర్ గచ్చు మేస్త్రి
ఆఫీసరు ఒకటంటాడు, బ్రోకరు ఒకటంటాడు. మామూలు మనిషి ఎవరి మాట నమ్మాలి? వివరణ గ్రంథం అంటున్నారు, అది చట్టమా?

రేవు గుమాస్తా
చట్టం అంటే కస్టమ్స్ టారిఫ్ చట్టం 1975, దాని మొదటి షెడ్యూలు, అందులోని హెడింగులూ నోట్లూ. వివరణ గ్రంథం ప్రపంచ కస్టమ్స్ సంస్థది. అది మన చట్టంలో భాగం కాకపోయినా, మన టారిఫ్ ఆ పద్ధతి మీదే కట్టింది కాబట్టి సందేహం వచ్చినప్పుడు దాన్నే నమ్మకమైన మార్గదర్శిగా తీసుకోవాలని సుప్రీంకోర్టు 1995లో వుడ్ క్రాఫ్ట్ ప్రొడక్ట్స్ కేసులో చెప్పింది. ఇక మీరు వేసిన హెడింగు కాదని శాఖ అంటే, ఆ మాట రుజువు చేయాల్సిన భారం శాఖదే. 2006లో హెచ్‌పీఎల్ కెమికల్స్ తీర్పు అదే. ఆఫీసరు రీఅసెస్ చేసినప్పుడు (సుంకం తిరిగి లెక్కగట్టినప్పుడు) మీరు ఒప్పుకున్నట్టు రాసివ్వకపోతే, 15 రోజుల్లో కారణాలతో ఆర్డరు ఇవ్వాలని కస్టమ్స్ చట్టం సెక్షన్ 17 అంటోంది. దాని మీద 60 రోజుల్లో కమిషనర్ అప్పీల్స్‌కి వెళ్లొచ్చు, వివాదంలో ఉన్న సుంకంలో 7.5% ముందు కట్టి.

ఇదంతా లేకుండా మరో దారి ఉంది. సరుకు రాకముందే అడ్వాన్స్ రూలింగ్ (ఏ హెడింగో ముందుగానే తేల్చే నిర్ణయం) అడగడం. ఢిల్లీలో, ముంబైలో ఆ అథారిటీలు ఉన్నాయి. ఒకసారి రూలింగ్ వస్తే, చట్టమో వాస్తవాలో మారనంత వరకు కొన్నేళ్ల పాటు పనిచేస్తుంది. ఏటా అదే సరుకు తెచ్చేవాళ్లకి ఇది చాలా మంచిది.

జయపురం పెయింట్లు
రంగులకొట్టు అన్నా, నాకో ఆలోచన వచ్చింది. ఎర్ర పొడి అక్కడ కాల్పించడం ఎందుకు? పసుపు మట్టి మాత్రమే 2530 కింద తెప్పించండి. మా దగ్గర చిన్న బట్టీ ఖాళీగానే ఉంటోంది. ఇక్కడే కాల్చుకుందాం. ఇక్కడి కుర్రాళ్లకి పని దొరుకుతుంది, మీకు కావలసిన ఛాయ మీ కళ్లముందే తీయొచ్చు.

పర్లాకిమిడి మాస్టారు
మంచి ఆలోచన. గోథైట్ 300 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి నీరు వదిలేసి ఎర్రబడుతుంది. అక్కడ ఆపితే నారింజ తిరిగిన ఎరుపు. వేడి పెంచే కొద్దీ ముదురుతుంది, బాగా పెంచితే ఊదా ఛాయకి దిగుతుంది. అరబస్తా తీసుకుని రెండు మూడు వేడుల దగ్గర కాల్చి చూడండి. పళ్లెంలో పలుచగా పరవాలి, లేకపోతే అడుగున పసుపు మిగిలిపోతుంది.

బల్లార్షా లెక్కలు
చేయండి, కానీ ఒకటి గుర్తుంచుకోండి. జీఎస్టీ కూడా ఇదే టారిఫ్ నోట్లని పాటిస్తుంది. ఇక్కడ కాల్చిన పొడి 73% అయితే మీ అమ్మకం బిల్లు మీద పడాల్సింది 2821, 18% రేటుతోనే. పసుపు మట్టికి వేసిన 2530, 5% ని అలవాటుగా దానికి వేయకండి. జయపురం వారు మీ మట్టిని కాల్చి ఇచ్చినందుకు తీసుకునేది జాబ్‌వర్క్ కూలి. దానికి వేరే బిల్లు, పంపిన బస్తాలకి చలానా ఉండాలి.

బరంపురం రంగులకొట్టు
అలాగే చేద్దామండి. ఈ కంటైనరు విడిపించగానే పసుపు మట్టి ఒక బస్తా చలానాతో జయపురం లారీకి వేస్తాను. మాస్టారూ, కాల్చిన ప్రతి ఛాయ నుంచి ఒక పొట్లం మీకు పంపిస్తాం. ఇనుము అంకె మీరే కట్టి చెప్పాలి. గుమాస్తాగారూ, రేపు రాసివ్వాల్సిన ఉత్తరం నమూనా మీకు మెసేజ్‌లో పెట్టాను, ఒకసారి చూసి దిద్దండి.

రేవు గుమాస్తా
చూశాను. మూడో పేరాలో "ఇనుము 51%" అని మాత్రమే రాశారు. పక్కనే "ఫెర్రిక్ ఆక్సైడుగా లెక్కగడితే 73%, ఎంట్రీతో సమర్పించిన అనాలిసిస్‌కి ఇది అనుగుణమే" అని చేర్చి సంతకం పెట్టండి. మిగతాదంతా బాగుంది.